మూడో వరస

"నుజ్జయిన బండ్లకి వెల కట్టుకునే ఆవిడకి మనిషి చావుతో ఏం పనో నాకు బొత్తిగా అర్థం కాదు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట పక్కనున్న కానిస్టేబుల్‌తోనే అన్నాడు గానీ, గొంతు మాత్రం సర్వేయరమ్మ చెవిదాకా వెళ్ళేలా పెంచాడు. ఆవిడ చేతిసంచీ బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి రుమాలుతో నిదానంగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నుజ్జయిన బండిని చూసి, నడిపినవాడు తాగి గుద్దాడో, కావాలని గుద్దాడో, అసలు గుద్దకుండానే గుద్దానంటున్నాడో చెప్పేదాన్ని ఇన్‌స్పెక్టర్ గారూ. మీకు నిక్షేపంలాంటి బండి దొరికింది, లోపల మనిషి దొరికాడు, అయినా ఏం జరిగిందో తెలీలేదు. ఎవరి పనికి ఎవరు పనికిరారో మనం తర్వాత తేల్చుకుందాం."

కానిస్టేబుల్ నవ్వొచ్చి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని కొరకొరా చూశాడు.

ఇన్సూరెన్సు కంపెనీలకి ప్రమాదాల సర్వేయరుగా సగం జీవితం గడిపి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నా ఆవిడకి పాత పేరే మిగిలింది. ఇంటి ఓనరు దగ్గర్నుంచి కోర్టులో జడ్జి దాకా అందరికీ ఆవిడ సర్వేయరమ్మే. జనం అబద్ధం చెప్తారన్నది ఆవిడకి కోపం తెప్పించే విషయం కాదు. అంత చేతగాకుండా చెప్తారే, అదీ ఆవిడకి ఒళ్ళుమంట.

వర్క్‌షాప్ మధ్యలో, పసుపు టేపు చుట్టిన నాలుగు స్తంభాల నడుమ, రంగు వేయని బూడిదరంగు బండి నిలబడి ఉంది. చూడ్డానికి చిన్న కారే. కానీ అందులో మూడు వరసల సీట్లు, ఏడుగురికి చోటు. వచ్చే ఏడాది మార్కెట్లోకి రావాల్సిన ఫ్యామిలీ బండికి ఇది చేత్తో కట్టిన నమూనా. కంపెనీలో అందరూ దాన్ని ముద్దుగా 'బుజ్జి' అంటారు.

పోయిన ఆదివారం సాయంత్రం ఆ బుజ్జిలోనే, చిట్టచివరి వరసలో, ఒకాయన శవమై దొరికాడు. ఆయన పేరు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ వాడరు. సీట్లాయన అంటారు. అంత చిన్న బండిలో ఏడుగురిని కూర్చోబెట్టడమే ఆయన ఉద్యోగం: ఎవరి మోకాలు ఎవరి వీపుకి తగులుతుంది, ఎవరి తల పైకప్పుకి కొట్టుకుంటుంది, ముసలమ్మ దిగాలంటే ఎక్కడ చెయ్యి ఆనించాలి. పన్నెండేళ్ళుగా ఇవే ఆలోచనలు.

ఇంజను ఆన్‌లో ఉంది. తలుపులన్నీ లోపల్నుంచి లాక్ చేసి ఉన్నాయి. తాళం చెవి స్టీరింగ్ పక్కన దాని చోట్లోనే ఉంది. రక్తంలో పొగ విషం. ఇంకేముంది, పై అధికారితో పడక ఆత్మహత్య అని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. మూడో రోజు సీట్లాయన భార్య, తమ్ముణ్ణి తోడు తీసుకుని సర్వేయరమ్మ ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు. ఏడవడం తమ్ముడికి వదిలేసినట్టుంది. వాడు అక్క వెనక నిలబడి వెక్కుతూనే ఉన్నాడు.

"ఆయన చావాలనుకున్నా ఆ సీట్లో చావరండీ," అందావిడ. "అది సరిగ్గా కుదర్లేదని నెల నుంచీ అన్నం సయించలేదు ఆయనకి. బాగాలేని సీట్లో కుక్కని కూడా కూర్చోబెట్టని మనిషి."

ఆ ఒక్క మాట మీదే సర్వేయరమ్మ కేసు ఒప్పుకుంది.

"ఆదివారం గేటు దగ్గర ఎవరెవరు వచ్చారు?" అని అడిగిందిప్పుడు.

"ఇద్దరే. పోయినాయన, డిజైన్ డైరెక్టరు. డైరెక్టరు మధ్యాహ్నమే వెళ్ళిపోయానంటున్నాడు. అప్పటికి ఈయన బతికే ఉన్నాడు, క్యాంటీన్ ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడాడు." ఇన్‌స్పెక్టర్ వేళ్ళు విరుచుకున్నాడు. "ఇంకా ఏమైనా సందేహాలుంటే మీ టైము, మీ ఇష్టం. నాకు మాత్రం గంటలో ఫైలు మూసేయాలి."

"గంట చాలా ఎక్కువ. డైరెక్టరు గారెక్కడ?"

*

డిజైన్ డైరెక్టరు తన గదిలో, బల్లంత పొడవున్న మట్టి నమూనా ముందు నిలబడి, వేలితో దాని నడుం నిమురుతున్నాడు. ఆరడుగుల మనిషి. నల్లచొక్కా, నల్ల ప్యాంటు, గుండ్రటి కళ్ళద్దాలు. వచ్చినవాళ్ళని కూర్చోమనలేదు. ఆ గదిలో కుర్చీ అనేది ఒక్కటే ఉంది, అది ఆయనది.

"ఇది చూడండి మేడమ్," అన్నాడు, పలకరింపులూ గట్రా లేకుండా. "ముందు నుంచి వెనక్కి ఒకే గీత. ఎక్కడా తెగదు. ఫ్యామిలీ బండి అంటే జనం బీరువాకి చక్రాలు తగిలించినట్టు ఊహించుకుంటారు. నేను దానికి నడుం తెచ్చాను."

"నడుం తేవడానికి వెనక పైకప్పు దించారు."

"నాలుగు వేళ్ళే."

"ఆ నాలుగు వేళ్ళూ వెనక కూర్చునేవాళ్ళ నెత్తి మీదవి. అవునా?"

ఆయన పెదవి విరిచాడు. "మూడో వరసలో ఎవరు కూర్చుంటారు మేడమ్? పిల్లలు. లేదంటే పెళ్ళికి పోతుంటే మొహమాటానికి ఎక్కించుకున్న పిన్నో బాబాయో. కారు కొనేది వాళ్ళు కాదు. డబ్బిచ్చేవాడు ముందు సీట్లో కూర్చుంటాడు. నేను గీసేది వాడికోసం."

"సీట్లాయన వెనక వాళ్ళకోసం కొట్లాడాడు."

"కొట్లాటా అది? సణుగుడు!" ఆయన మొదటిసారి మట్టి మీంచి చెయ్యి తీశాడు. "మధ్య సీటు వెనకవైపు ఒక లీవరు పెట్టాడు. వెనక వాళ్ళు లాగితే మధ్య సీటు ముందుకి పడిపోవాలట, వాళ్ళంతట వాళ్ళే దిగిపోవాలట. ఇంత లావున, ఎర్రగా! పశువుల కొట్టం గడియలా ఉంది. తీసి పారేయమన్నాను. తీసేశారు. ఇప్పుడు లీవరు ఒక్కటే, సీటు ముందు అడుగున, ఎవరికీ కనపడదు. శుభ్రంగా ఉంది."

"వెనక ఉన్నవాళ్ళు దిగాలంటే?"

"మధ్యలో కూర్చున్నవాళ్ళు దిగి, సీటు మడుస్తారు."

"మధ్యలో కూర్చున్నవాళ్ళు స్పృహలో లేకపోతే?"

డైరెక్టరు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, "ఈవిడ అచ్చం ఆయనలాగే మాట్లాడుతున్నారు," అన్నాడు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ గదిలో అడుగుపెట్టాక దొరికిన మొదటి ఆనందం అది.

సర్వేయరమ్మ వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగింది. ఆవిడకి ఇలాంటి నవ్వులు కొత్తకాదు.

"ఆదివారం దేనికి గొడవపడ్డారు మీరిద్దరూ?"

నవ్వు ఆగింది. "ఎవరు చెప్పారు?"

"మీరే. ఇప్పుడు."

ఆయన మళ్ళీ మట్టి మీద చెయ్యి వేశాడు. "సంతకం పెట్టనన్నాడు. ఆయన సంతకం లేకపోతే బండి ముందుకి కదలదు. లీవరు సంగతి సరే, ఇంకోటేదో కూడా తేలాలన్నాడు, ఏదో మళ్ళీ పరీక్ష చేయాలన్నాడు. అరిచాను. ఒప్పుకుంటాను. సోమవారం నుంచి ఈ ప్రాజెక్టులో నువ్వు లేవన్నాను. అలా అన్నానని చచ్చిపోతాడని నాకేం తెలుసు? అంత సున్నితమైనవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి."

"రండి," అంది సర్వేయరమ్మ, గుమ్మం వైపు నడుస్తూ. "మీరు గీసిన బండి ఒకసారి మీ చేత్తో చూపిద్దురుగాని."

*

వర్క్‌షాప్‌లో ఆవిడ ముందు తలుపుల దగ్గరికే పోయింది. నమూనా బండి కాబట్టి బటను నొక్కితే అన్నీ ఒకేసారి పడే లాకులు ఇంకా బిగించలేదు. పాత కార్లలోలా అద్దం పక్కన చిన్న బొడిపెలున్నాయి, అంతే. ఆవిడ డ్రైవరు తలుపు తెరిచి, బొడిపె కిందికి నొక్కి, బయటి పిడి ఎత్తి పట్టుకుని తలుపు వేసేసింది. లాగి చూపించింది. రాలేదు.

"లోపల్నుంచి వేసుకున్న తలుపు," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "నేను మాత్రం బయటే ఉన్నాను. కారులో తాళం చెవి మర్చిపోయిన ప్రతివాడికీ తెలిసిన విద్య ఇది. మీ ఫైల్లో ఏమని రాశారు?"

"వేయొచ్చు అన్నంత మాత్రాన వేశారనా?" ఇన్‌స్పెక్టర్ మెడ ఎర్రబడింది. "ఆయనే వెనక్కెళ్ళి కూర్చుని, మధ్య సీటు తనవైపు లాక్కుని ఉండొచ్చుగా."

"ఉండొచ్చు. మీరు లాక్కుని చూపించండి."

"నేనా?"

"మీరే. పోయినాయనది దాదాపు మీ ఎత్తే. భయమైతే వద్దు లెండి, కానిస్టేబుల్ గారిని అడుగుతాను."

ఆ చివరి మాటతో ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. కానిస్టేబుల్ మధ్య వరస తలుపు తీశాడు. ఆదివారం తర్వాత మెకానిక్ మడిచిపెట్టిన మధ్య సీటు పక్కనుంచి ఇన్‌స్పెక్టర్ ఒళ్ళంతా వంచుకుని, మూలుగుతూ, చివరి వరసలోకి దిగబడ్డాడు. కూర్చోగానే ఆయన నెత్తి పైకప్పుకి ఆనింది. మెడ వంచక తప్పలేదు. మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి.

"సౌకర్యంగా ఉందా?" అంది సర్వేయరమ్మ.

"కానివ్వండి, కానివ్వండి."

ఆయన మధ్య సీటు వీపు పట్టుకుని తనవైపు లాగాడు. సీటు లేచింది, నిలబడింది, వదలగానే మళ్ళీ ముందుకి వాలిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ వాలింది. మూడోసారి రెండు చేతులతో, పళ్ళు బిగించి లాగాడు. అది బొమ్మలా తల ఊపి ముందుకే పడింది.

"ఆదివారం మీరొచ్చేసరికి ఈ సీటు ఎలా ఉంది?" సర్వేయరమ్మ కానిస్టేబుల్‌ని అడిగింది.

"బిగుసుకుని ఉంది మేడమ్. మాకు తీయడం రాలేదు. చివరికి వెనక డిక్కీ తలుపు మెకానిక్ చేత విప్పించి, అటునుంచి తీశాం ఆయన్ని." కానిస్టేబుల్ లోపలున్న పై అధికారి వైపు చూడకుండా చెప్పాడు.

"అంటే లాకు పడి ఉంది. లోపల్నుంచి లాకు పడదు. డైరెక్టరు గారూ, ఇలా రండి. ఇది మీ బండి. ఆ సీటు లాకు చేయండి."

డిజైన్ డైరెక్టరు చేతులు కట్టుకున్నాడు. "ఇలాంటివి మెకానిక్‌లు చేస్తారు."

"హంతకుడు మెకానిక్‌ని పిలిచి చేయించుకుని ఉండడు. చేయండి."

లోపల్నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది. "చేయండి సార్. నేను చూస్తున్నాను." ఆ గొంతులో ఇందాకటి స్నేహం లేదు. ఆదివారం ఆ ఆవరణలో ఉన్నది ఇద్దరే అని, అందులో ఒకడు చచ్చిపోతే మిగిలేది ఎవరో, ఆయనకి వంగిన మెడతోనే తట్టినట్టుంది.

డైరెక్టరు ముందుకొచ్చాడు. సీటు ఎత్తి నిలబెట్టి తోశాడు. ఊగింది. గట్టిగా తోశాడు. వాలింది. లీవరు కోసం కుడివైపు తడిమాడు, లేదు. ఎడమవైపు తడిమాడు. సీటు కింద చెయ్యి పోనిచ్చి ఏదో దొరికిందని లాగాడు, సీటంతా పట్టాల మీద జారి ఆయన వేలు నొక్కేసింది. కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు. గోటి కింద రక్తం చిమ్మింది.

"నటిస్తున్నాడు!" అన్నాడు లోపల్నుంచి ఇన్‌స్పెక్టర్.

"లేదు," అంది సర్వేయరమ్మ. రుమాలు తీసి డైరెక్టరు చేతికిచ్చింది. ఇచ్చిన తీరు బిచ్చగాడికి వేసినట్టుంది. "నటించేవాడు వేలు నలగ్గొట్టుకోడు. ఆయన చెవులు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో. పదిమంది ముందు తన బండి తనకే తెలీదని బయటపడితే చచ్చేంత సిగ్గు ఆయనకి. డైరెక్టరు గారూ, మీరు ఎప్పుడైనా ఈ బండిలో వెనక కూర్చున్నారా?"

ఆయన రుమాలు వేలికి అదిమిపెట్టాడు.

"మధ్యలో?"

"నేను బయట్నుంచి చూస్తాను," అన్నాడు చివరికి.

"అదే మిమ్మల్ని కాపాడింది. ఈ బండిలో ఒక మనిషిని చంపాలంటే ఈ బండి గురించి కొంచెమైనా తెలిసుండాలి. మీకు అంత పని రాదు. వెళ్ళి కూర్చోండి."

ఆయన నిజంగానే వెళ్ళి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. వేలికి రుమాలు చుట్టుకుంటుంటే, మట్టి నమూనా దగ్గరున్న ఠీవి అంతా గాలి తీసేసినట్టు దిగిపోయింది.

సర్వేయరమ్మ ఆ సీటు ముందు గొంతుక్కూర్చుంది. లాకు చేయడం ఆవిడకీ తెలీదు. కానీ సీటు పక్కభాగాన, అడుగున, కొత్తగుడ్డ మీద అరచేతంత మచ్చ కనిపించింది. మరక కాదు, అరుగుదల. ఎవరో అక్కడ రోజూ ఏదో ఆనిస్తున్నారు. చెయ్యైతే అంత కింద ఆనించరు. ఆవిడ లేచి, ఎడమచేత్తో సీటు అడుగుభాగం కాస్త పైకెత్తి, ఆ మచ్చ మీద మోకాలు పెట్టి తోసింది.

టక్కుమంది. సీటు గోడలా నిలబడిపోయింది.

"ఇక బయటికి రండి ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇన్‌స్పెక్టర్ తోశాడు. కదల్లేదు. సీటుకీ పైకప్పుకీ మధ్యనున్న సందులోంచి తల పెట్టాడు. తల పట్టింది గానీ భుజాలు పట్టలేదు. పక్క అద్దం తెరవబోయాడు, అది తెరుచుకునే అద్దం కాదు. తలుపు మధ్య వరసకి ఉంది, చెయ్యి అందదు. వెనక్కి తిరిగి డిక్కీ తలుపు గుద్దాడు. దానికి లోపలివైపు పిడే లేదు.

"ఎక్కడుంది దీని లీవరు?" అని అరిచాడు.

"డైరెక్టరు గారికి నచ్చలేదని తీసేశారు. చిన్నపిల్లైతే ఆ పైసందులోంచి దూరి వచ్చేస్తుంది. మీరూ నేనూ రాలేం. ఇప్పుడు ఇంజను ఆన్‌లో ఉందనుకోండి."

లోపల సీటుని రెండుసార్లు తోసిన చప్పుడు. తర్వాత అద్దం మీద అరచెయ్యి కనిపించింది. తడిగా.

"తీయండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి చాలా మామూలుగా అన్నాడు.

ఆవిడ వెంటనే తీయలేదు. అది ఇన్‌స్పెక్టర్ మీద కక్షతో కాదు. అద్దంలోంచి ఆవిడ కళ్ళు ఆయన భుజం పక్కనున్న ఇనపబద్దీ మీద పడ్డాయి. "మీ కుడిపక్క బిగించి ఉన్న ఆ బద్దీ ఏమిటి? ఖాళీగా ఉందేం?"

బదులు పనిముట్ల పెట్టె మీంచి వచ్చింది. "పొగ మీటరు పెట్టేది," అన్నాడు డైరెక్టరు నీరసంగా. "వెనక వరస కిందుగా సైలెన్సరు గొట్టం పోతుంది. స్పేరు చక్రానికి చోటు లేక దాన్ని పక్కకి జరిపాం. లోపలికి పొగ వస్తుందేమోనని పరీక్ష. ఇంజను ఆన్ చేసి, తలుపులన్నీ మూసి, సీట్లన్నీ నిలబెట్టి, వెనక మీటరు పెట్టి చూస్తారు. పొగ వస్తే అది అరుస్తుంది."

"మీటరేది?"

"నేను స్వాధీనం చేసుకున్నవాటిలో మీటరు లేదు," అంది లోపలి గొంతు.

"చావాలనుకున్నవాడు మీటరు ఎక్కడో దాచిపెట్టి వచ్చి మరీ లోపల కూర్చుంటాడా?" సర్వేయరమ్మ లీవరు లాగి సీటు మడిచింది. ఇన్‌స్పెక్టర్ బయటికి పడ్డంత పనయ్యింది. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆవిడ ఆయన్ని చూడనైనా చూడకుండా లోపలికి దూరి, చివరి వరస కాళ్ళదగ్గర కార్పెట్ మూల పట్టి ఎత్తింది.

నేల రేకులో బొటనవేలు పట్టేంత కన్నం. వైర్లు పోనివ్వడానికి వేసింది. దానికి ఉండాల్సిన రబ్బరు బిరడా ఓ పక్క దొర్లి ఉంది. ఆవిడ దాన్ని కన్నంలో నొక్కింది. రేకు వంపు తిరిగిన చోట అది కుదర్లేదు. చెయ్యి తీయగానే లేచి వచ్చేసింది. కన్నం చుట్టూ కార్పెట్ అడుగున నల్లటి మసి, చాలా రోజుల మసి.

"ఇది ఒక్క ఆదివారం మసి కాదు," అంది. "ఈ బండిలోకి మొదట్నుంచీ పొగ వస్తోంది. పరీక్ష చేసినవాడు రాలేదని చెప్పాడు. సీట్లాయన ఇంకోటేదో తేలాలన్నది దీని గురించే."

"అవును," అన్నాడు డైరెక్టరు. ఆయన మొహం మీదికి మొదటిసారి ఆలోచన లాంటిది వచ్చింది. "ఆ పాత పరీక్ష మీద నమ్మకం లేదన్నాడు. దగ్గరుండి మళ్ళీ చేయిస్తానన్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. ఆ పరీక్షలు చేసినవాణ్ణి ఉద్యోగంలో పెట్టించిందే ఆయన!"

సర్వేయరమ్మ కార్పెట్ వదిలేసింది. "ఎవరు?"

"టెస్ట్ డ్రైవరు. రోజూ బండి తీసేదీ, సీట్లు మడిచేదీ, మీటరు పెట్టేదీ అంతా వాడే."

"ఆదివారం గేట్లోంచి రాలేదే."

"టెస్ట్ డ్రైవర్లు ఈ గేట్లోంచి రారు మేడమ్. వెనక టెస్ట్ ట్రాక్ వైపు వాళ్ళ దారి వాళ్ళకుంది."

"ఎవరా టెస్ట్ డ్రైవరు?"

"మీకు తెలీదా? సీట్లాయన బావమరిది. ఆయన భార్యకి సొంత తమ్ముడు."

సర్వేయరమ్మ కళ్ళముందు తన ఆఫీసులో అక్క కుర్చీ వెనక నిలబడి వెక్కుతున్న కుర్రాడు మెదిలాడు. ఆ రోజు అందర్నీ అనుమానించింది. కంపెనీని, పోలీసుని, చివరికి భార్యని కూడా. వాడొక్కణ్ణే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏడుస్తున్నాడు కదాని, మంచినీళ్ళిచ్చి పంపించింది. లోకంలో అందరి చేతగానితనాన్నీ వెక్కిరించే మనిషికి ఇప్పుడు తన చేతగానితనమే ఎదురొచ్చి నిలబడింది.

"సీట్లాయన సంగతి బయటపెడితే వాడికి ఉద్యోగం పోతుంది, జైలు కూడా," అంది నెమ్మదిగా. "భార్య తమ్ముడు కదాని ఆయన ముందు వాడికే చెప్పాడు. ఆదివారం రా, మళ్ళీ పరీక్ష చేద్దాం, నువ్వే ఒప్పుకో అని. ఆయనే వెనక కూర్చున్నాడు. వాడు మామూలుగా రోజూ చేసినట్టే సీటు నిలబెట్టాడు. సరిచేసి ఇస్తానని మీటరు తీసేసుకున్నాడు. తలుపులు వేశాడు. బావగారు బయట బావమరిది ఉన్నాడనుకుంటూ లోపల కూర్చున్నారు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకున్నాడు. ఆయన ఏం అనబోయాడో గానీ, సర్వేయరమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. "వాడెక్కడున్నాడిప్పుడు?"

"బయట ఉంటాడు. రోడ్డు మీద," అన్నాడు డైరెక్టరు. "రెండో నమూనా ఉంది. మొన్నటినుంచి దాన్ని వాడే తిప్పుతున్నాడు. ఇవాళ పొద్దున్నే తీసుకెళ్ళాడు."

"ఆ రెండో దాంట్లో ఈ కన్నం ఉందా?"

"రెండూ ఒకే అచ్చు."

సర్వేయరమ్మ సంచీలోంచి ఫోను తీసి సీట్లాయన భార్యకి చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఇంజను హోరు. సర్వేయరమ్మ స్పీకరు నొక్కింది.

"అమ్మా, నేను సర్వేయరమ్మని. ఎక్కడున్నారు?"

"బండిలో ఉన్నానండీ." గొంతు నిద్రలోంచి వస్తున్నట్టుంది. "నాలుగు రోజులుగా, మీ దగ్గరికి రావడం తప్పిస్తే, ఇంట్లోనే ఉన్నాను కదా, కాస్త గాలి మారుతుందని తమ్ముడు తీసుకొచ్చాడు. నిన్న రాత్రి వాడితో అన్నానండీ, ఆయన నీతో ఏదో మాట్లాడాలన్నారు, ఏమిట్రా అని. పొద్దున్నే వచ్చేశాడు పాపం."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే కానిస్టేబుల్ చేతిలోంచి వైర్‌లెస్ లాక్కున్నాడు. అన్ని రోడ్లకీ బూడిదరంగు చిన్న బండి అని చెప్తూ తలుపు వైపు పరిగెత్తి, అంతలోనే మళ్ళీ వెనక్కి వచ్చాడు, ఫోనులో మాట వదులుకోలేక.

"ఏ సీట్లో కూర్చున్నారమ్మా?" అంది సర్వేయరమ్మ.

"వెనకండీ. మధ్యలో ఏవో పెట్టెలు పెట్టాడు. ఆయన చేసిన సీటు కదా, ఒక్కసారి కూర్చోవాలనిపించి నేనూ సరేనన్నాను. కానీ తల పగిలిపోతోందండీ. వాంతి వచ్చేలా ఉంది."

"అద్దం పగలగొట్టమ్మా. చేతికి ఏం దొరికితే దాంతో."

"ఏమిటండీ?"

దూరంగా, ఆ బండి ముందువైపు నుంచి, దించిన అద్దంలోంచి వచ్చే గాలి హోరులో, ఎంతో ప్రేమగా ఒక మగగొంతు వినిపించింది. "ఎవరక్కా ఫోన్లో? పెట్టేసి పడుకో. ఇంకాసేపట్లో పోతాం."

సర్వేయరమ్మ ఫోను నోటికి ఆనించుకుంది. "అమ్మా, ఒక్కరే ఉన్నారా వెనక?"

"మా పాప ఉందండీ. నా ఒళ్ళోనే."

సర్వేయరమ్మ చూపు బుజ్జి వెనక వరస మీదికి పోయింది. మధ్య సీటుకీ పైకప్పుకీ మధ్యనున్న సందు. పెద్దవాళ్ళు పట్టరు. చిన్నపిల్ల పడుతుంది. అవతలికి దూరితే పక్క తలుపు పిడి చేతికి అందుతుంది.

"పాపని లేపమ్మా. ఇప్పుడే లేపు. ఆ పైసందులోంచి అవతలికి తోసి, తలుపు తీయమని చెప్పు. లేపు!"

ఫోనులో గుడ్డ కదిలిన చప్పుడు. బుగ్గ మీద తడుతున్న చప్పుడు, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా.

"లేపుతున్నానండీ," అందా గొంతు. "ఇందాకటి నుంచీ లేపుతూనే ఉన్నాను. లేవట్లేదు."